సొంత రక్తంతో కాలిన గాయం మానుతుందా? పీఆర్పీ బోర్డులు, బర్న్స్ వార్డు, మధ్యలో మన కుటుంబాలు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి కొత్తపేట వైపు కాస్త నడిస్తే చాలు, భవనాల మీద మూడు అక్షరాలు కనిపిస్తాయి. పీఆర్పీ. జుట్టు ఊడుతోందా, మొహం మీద మచ్చలున్నాయా, మొటిమల గుంటలు పోవాలా, అన్నిటికీ అదే జవాబు అన్నట్టు ఉంటుంది ఆ ప్రకటనల ధోరణి. ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఇదే వరస.

అవే మూడు అక్షరాలు ఇప్పుడు ఇంకో చోట కూడా వినిపిస్తున్నాయి. అది కాలిన గాయాల వార్డు. నూనె మీద పడ్డ పిల్లవాడికో, గ్యాస్ మంటల్లో కాలిన ఇల్లాలికో తొడ చర్మం తీసి గాయం మీద వేయాలని డాక్టరు చెబుతాడు. దాంతోపాటు "పీఆర్పీ కూడా పెడితే మంచిది" అంటాడు. అబ్బాజాన్ తల ఊపుతాడు. వరండాలోకి వచ్చాక ఇంటివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇదేమన్నా కొత్త మందా? ఎంతవుతుంది? రక్తంతో వైద్యం జాయిజేనా? వద్దంటే పాప చేయి బాగుపడదా?

ఈ ప్రశ్నలకు జవాబులు తెలియకపోతే రెండు రకాల నష్టం జరుగుతుంది. పనికొచ్చే వైద్యాన్ని భయపడి కాదనుకోవడం ఒకటి. దాన్నే సర్వస్వం అనుకుని గాజులు అమ్మి, అసలు అవసరమైన వైద్యం దగ్గరికి వచ్చేసరికి చేతులు ఖాళీ చేసుకోవడం రెండోది.

కాలేది ఎక్కువగా ఇంట్లోనే

ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు 1 లక్షా 80 వేల మంది కాలిన గాయాలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలోనే ఏడాదికి 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్ర స్థాయి దాకా కాలిన గాయాల పాలవుతున్నారని అదే సంస్థ చెబుతోంది. మిగతా ప్రమాదాల్లో మగవాళ్ళ సంఖ్య ఎక్కువ. కాలిన గాయాల్లో మాత్రం మరణించే రేటు ఆడవాళ్ళలోనే కాస్త ఎక్కువ. కారణం కళ్ళ ముందే ఉంది. పొయ్యి దగ్గర ఉండేది వాళ్ళే.

మలక్‌పేట, సైదాబాద్, మూసారంబాగ్ నుంచి చంపాపేట, మన్సూరాబాద్ దాకా ఉన్న మన ఇళ్ళలో వంటగది చిన్నది, పని పెద్దది. రంజాన్‌లో ఇఫ్తార్‌కు పావుగంట ముందు సమోసాల కడాయి ఒకవైపు, చాయ్ గిన్నె ఒకవైపు, మధ్యలో పిల్లలు. సింథటిక్ దుపట్టా అంచు ఒక్క క్షణం మంటకు తగిలితే చాలు, బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుంది. దావత్‌లలో దేగ్‌ల దగ్గర పనిచేసే కుర్రాళ్ళ కాళ్ళ మీద మరిగే నీళ్ళు పడటం బావర్చీలకు తెలియని సంగతి కాదు.

కాలిన వెంటనే చేయాల్సింది ఒకటే. కుళాయి కింద పారే చల్లటి నీళ్ళు 20 నిమిషాల పాటు పోయాలి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, పసుపు, సిరా, గుడ్డు సొన ఏదీ వద్దు. శుభ్రమైన బట్ట కప్పి 108కి ఫోన్ చేయాలి. పీఆర్పీ గురించి తర్వాత ఎంత మాట్లాడుకున్నా, గాయం ఎంత లోతుకు పోతుందన్నదానిలో ఈ 20 నిమిషాల పాత్ర చాలా పెద్దది.

చర్మం అంటు ఎలా పట్టుకుంటుంది

చర్మం పైపొర మాత్రమే కాలితే రెండు మూడు వారాల్లో దానంతట అదే మానుతుంది. లోతుగా కాలితే కింద కొత్త చర్మం పుట్టించే కణాలే మిగలవు. అప్పుడు కాలి చచ్చిన చర్మాన్ని కోసి తీసేసి, రోగి తొడ నుంచో వీపు నుంచో పల్చటి పొర తీసి అక్కడ పరుస్తారు. దీన్నే స్కిన్ గ్రాఫ్ట్ అంటారు. మామిడి కొమ్మకు అంటు కట్టినట్టే ఇదీ. కొమ్మ కదిలినా, మధ్యలో మట్టి చేరినా, చెమ్మ లేకపోయినా అంటు పట్టదు.

పరిచిన చర్మానికి మొదటి రోజుల్లో సొంత రక్తప్రసారం ఉండదు. దాదాపు రెండు రోజులు గాయం నుంచి ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత కింది రక్తనాళాలు పైచర్మంలోని నాళాలతో కలుస్తాయి. నాలుగు నుంచి ఏడు రోజుల్లో రక్తం బాగా ప్రవహించడం మొదలవుతుంది. అందుకే చాలాచోట్ల అయిదో రోజు ప్రాంతంలో కట్టు విప్పి చూస్తారు. అంటు గులాబీ రంగులో ఉంటే పట్టుకున్నట్టు. నల్లబడి జారిపోతే మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ తొడ మీద కొత్త గాయం.

అంటు పోవడానికి ముఖ్య కారణాలు నాలుగు. అడుగున రక్తం గడ్డకట్టడం లేదా నీరు చేరడం, చీము పట్టడం, రోగి కదిలినప్పుడు చర్మం జారడం, అడుగు గాయం సరిగ్గా సిద్ధం కాకపోవడం. పీఆర్పీ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ఈ నాలుగింటిని బట్టే తెలుస్తుంది.

మన రక్తంలోంచే తీసిన జిగురు

పీఆర్పీ అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. డెంగీ సీజన్ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అనే మాట తెలియని ఇల్లు హైదరాబాద్‌లో లేదు. మైక్రోలీటరు రక్తంలో మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. రోగి చేతి నుంచే కొంత రక్తం తీసి, గడ్డకట్టకుండా మందు కలిపి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిర్రున తిప్పుతారు. బరువైన ఎర్రకణాలు అడుగుకు పోతాయి. పైన మిగిలే పసుపుపచ్చ ద్రవంలో ప్లేట్‌లెట్లు మామూలు రక్తంలో కంటే కొన్ని రెట్లు చిక్కగా ఉండేలా చేస్తారు. అదే పీఆర్పీ.

దానికి కాల్షియం కలిపితే జిగురులా మారుతుంది. శుభ్రం చేసిన గాయం మీద దాన్ని చల్లి, పైన చర్మాన్ని పరుస్తారు. ప్లేట్‌లెట్లలో గాయం మాన్పే పదార్థాలు ఉంటాయి. కొత్త రక్తనాళాలను, కొత్త కణాలను పెరగమని పిలిచేవి అవే. జిగురు వల్ల చర్మం గాయానికి వెంటనే అంటుకుంటుంది, అడుగున రక్తం చేరడం తగ్గుతుంది. అంటే నాలుగు కారణాల్లో రెండింటికి, అంటే గడ్డకట్టిన రక్తానికీ చర్మం జారడానికీ, పీఆర్పీ సాయపడే అవకాశం ఉంది. చీము పట్టిన గాయాన్ని గానీ, చచ్చిన చర్మం పూర్తిగా తీయని గాయాన్ని గానీ అది బాగుచేయలేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. 1998లో అమెరికాలో దవడ ఎముకల అంటు ఆపరేషన్లలో దీన్ని వాడిన తీరు ప్రచురితమయ్యాక ప్రపంచం దృష్టి ఇటు మళ్ళింది. ఎముకల నుంచి కీళ్ళకు, అక్కడి నుంచి జుట్టుకు, చర్మానికి పాకింది.

పరిశోధనలు ఏం చెప్పాయి

ఇక్కడ రెండు వైపులా చూడాలి. 2015లో బెంగళూరు సర్జన్లు 200 మంది రోగుల మీద చేసిన పరిశీలనను ప్రచురించారు. సగం మందికి కుట్లు, పిన్నులతో చర్మాన్ని బిగించారు. మిగతా సగం మందికి పీఆర్పీ వాడారు. పీఆర్పీ వాడినవాళ్ళలో చర్మం అక్కడికక్కడే అతుక్కుందని, అడుగున రక్తం చేరడం, కట్లు మార్చాల్సిన అవసరం తగ్గాయని వాళ్ళు రాశారు.

మరుసటి ఏడాది, 2016లో, నెదర్లాండ్స్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. 52 మంది కాలిన రోగులను తీసుకుని, ఒకే మనిషి గాయాల్లో ఒక భాగానికి పీఆర్పీ పెట్టి, ఇంకో భాగానికి పెట్టకుండా పోల్చి చూశారు. ఏ భాగానికి పెట్టారో ఫలితం కొలిచేవాళ్ళకు చెప్పలేదు. అయిదు నుంచి ఏడు రోజుల్లో అంటు పట్టిన తీరులో గానీ, ఏడాది తర్వాత మచ్చ నాణ్యతలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

రెండూ నిజమే కావచ్చు. మంచి బర్న్స్ సెంటర్‌లో, సమయానికి ఆపరేషన్ జరిగి, శుభ్రత, నర్సింగ్ అన్నీ పక్కాగా ఉన్నచోట అంటు మామూలుగానే బాగా పట్టుకుంటుంది. అక్కడ పీఆర్పీ అదనంగా చేసేది తక్కువ. రోగి ఆలస్యంగా వచ్చి, గాయం పాతబడి, రక్తం ఊరుతున్నచోట ఆ జిగురు కొంత ఆసరా కావచ్చు. చర్మం తీసిన తొడ గాయం త్వరగా మానడానికి, నొప్పి తగ్గడానికి పనికొస్తుందని కూడా కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. కానీ ఒక్కో చోట ఒక్కో పద్ధతిలో తయారుచేస్తున్నారు. ఎంత చిక్కదనం, ఎంత మోతాదు అన్నదాని మీద అందరూ ఒప్పుకున్న ఒకే లెక్క లేదు.

కాబట్టి తేలేది ఇది. పీఆర్పీ తోడు వైద్యమే గాని అసలు వైద్యం కాదు. అది పెట్టలేదని పాప చేయి పోదు. అది పెట్టారని ఫిజియోథెరపీ మానేస్తే మాత్రం చేయి వంకర తిరుగుతుంది.

బ్యూటీ క్లినిక్ వేరు, ఆపరేషన్ థియేటర్ వేరు

"మా వీధి చివర క్లినిక్‌లో తక్కువకే పీఆర్పీ చేస్తారంట, అక్కడ చేయిద్దామా" అనే మాట వినిపిస్తే వెంటనే ఆపాలి. కాలిన చర్మం అంటే శరీరానికి తలుపులు లేని ఇల్లు. సూక్ష్మక్రిమి లోపలికి రావడానికి అడ్డేమీ ఉండదు. రక్తం తీయడం, తిప్పడం, మళ్ళీ పెట్టడం అంతా స్టెరైల్‌గా జరగాలి.

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో జరిగింది గుర్తుంచుకోవాలి. లైసెన్సు లేని ఒక స్పాలో మొహానికి పీఆర్పీ చేయించుకున్న మహిళల్లో కొందరికి అక్కడే హెచ్‌ఐవీ సోకి ఉంటుందని అక్కడి వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో నివేదిక ఇచ్చింది. పేర్లు రాయని రక్తం గొట్టాలు ఆ స్పాలో వంటగది గట్టు మీద, తినే పదార్థాలున్న ఫ్రిజ్‌లో దొరికాయి. ఎవరి రక్తం వాళ్ళకే, శుభ్రమైన పరికరాలతో పెడితే ఇలాంటి ప్రమాదం చాలా తక్కువ. ఎవరిది ఎవరిదో తెలియనప్పుడు ముప్పు పెద్దది.

ఇంకో సంగతి. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్ళకు, రక్తంలో ఇన్ఫెక్షన్ వ్యాపించినవాళ్ళకు ఇది తగదు. ఒళ్ళు బాగా కాలిన రోగిలో ఈ రెండూ సాధారణమే. రక్తం పల్చబడే మందులు వాడే పెద్దవాళ్ళ విషయంలో డాక్టరుకు ముందే చెప్పాలి. తీవ్రంగా కాలి, రక్తం తక్కువగా ఉన్న చిన్నపిల్లల నుంచి పీఆర్పీ కోసం రక్తం తీయాలా వద్దా అన్నది కూడా సర్జనే తూకం వేయాలి.

జాయిజేనా?

రక్తం నజిస్ కదా, దాంతో వైద్యమేమిటన్న సందేహం మన ఇళ్ళలో సహజం. ముస్లిం దేశాల సంస్థ ఓఐసీకి అనుబంధంగా జిద్దాలో ఉన్న అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988 ఫిబ్రవరిలో 26వ నంబరు తీర్మానంలో దీని మీద స్పష్టంగా మాట్లాడింది. కణజాలం, రక్తం సహా శరీరంలోని ఏ భాగమైనా ఆ తీర్మానం పరిధిలోకి వస్తుంది. ఒక మనిషి శరీరంలో ఒకచోటి నుంచి తీసి అదే మనిషికి ఇంకోచోట పెట్టడం, నష్టం కంటే లాభం ఎక్కువైతే, జాయిజ్ అంది. పోయిన భాగాన్ని తిరిగి నిలబెట్టడానికే కాదు, మానసికంగా, శారీరకంగా బాధపెట్టే వికారాన్ని పోగొట్టడానికి కూడా అనుమతి ఇచ్చింది. కాలిన మొహంతో బయటికి రాలేని ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఈ మాట విలువ తెలుస్తుంది.

రక్తం, చర్మం వంటివి తిరిగి పుట్టుకొచ్చేవి కాబట్టి, అన్ని విధాలా అర్హత ఉన్న బతికున్న మనిషి ఇంకొకరికి ఇవ్వడాన్ని కూడా అదే తీర్మానం ఒప్పుకుంది. చనిపోయినవారి నుంచి తీసుకోవడం విషయంలో మాత్రం ఆ మనిషి లేదా వారసుల అనుమతి, ప్రాణావసరం వంటి షరతులు పెట్టింది. మరణానంతర దానం మీద మన దేశంలోని ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ఎవరికి సందేహం ఉంటే వాళ్ళు తమ ముఫ్తీ సాహెబ్‌ను అడగవచ్చు. సొంత చర్మం, సొంత రక్తం విషయంలో మాత్రం వైద్యాన్ని ఆపుకోవాల్సిన పని లేదు. కట్టు మీద మసహ్ చేసి నమాజు చదువుకునే వెసులుబాటు ఎలాగూ ఉంది.

పర్దా కారణంగా ఆలస్యం చేయడం ఇంకా పెద్ద పొరపాటు. ఛాతీ, తొడలు కాలిన ఆడవాళ్ళు ఇంట్లోనే మలాములు రాసుకుని వారం గడిపేస్తే, వచ్చేసరికి గాయం చీము పట్టి ఉంటుంది. మహిళా డాక్టరు, మహిళా నర్సు కావాలని అడగడం హక్కు. దొరకకపోతే జరూరత్ అన్న సూత్రం ఉంది.

ఎల్బీనగర్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా

ఇక దూరం సంగతి. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ ప్రైవేటు ఆస్పత్రులకు కొదవ లేదు. వనస్థలిపురంలో, మలక్‌పేటలో ప్రభుత్వ ఏరియా ఆస్పత్రులున్నాయి. కానీ ఒళ్ళు బాగా కాలిన పేద రోగి చివరికి చేరేది అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియాకో, ముషీరాబాద్‌లోని గాంధీకో. ఉస్మానియాలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. 2021లో అక్కడ స్కిన్ బ్యాంకు కూడా మొదలైంది. చనిపోయినవారి నుంచి కొద్ది గంటల్లోపు తీసిన పల్చటి చర్మాన్ని గ్లిజరిన్‌లో చల్లగా భద్రపరిచి, ఒళ్ళంతా కాలి సొంత చర్మం చాలనివారికి తాత్కాలికంగా కప్పుతారు. శరీరం దాన్ని రెండు మూడు వారాల్లో తోసేస్తుంది. ఈలోపు ప్రాణం నిలబడుతుంది. అంతటి కీలకమైన పనిని పీఆర్పీ చేయలేదు.

చికిత్స ఒక్క రోజుతో అయిపోయేది కాదు. డిశ్చార్జ్ అయ్యాక వారానికి ఒకటి రెండు సార్లు కట్టు మార్చాలి. ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ, బిగుతుగా ఉండే ప్రెషర్ గార్మెంట్లు. ఎల్బీనగర్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో ఉంది, 2018 నుంచి. అక్కడ దిగి ఆటో. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అదేం పెద్ద దూరం కాదు. మెడ దగ్గర చర్మం లాగుతున్న కూతుర్ని పట్టుకుని, రోజు కూలీ వదులుకుని వెళ్ళే తల్లికి అది పెద్ద దూరమే. నాలుగోసారి వెళ్ళరు. ఆరు నెలల తర్వాత మోచేయి ముడుచుకుపోయి మళ్ళీ ఆపరేషన్‌కు వస్తారు.

కొత్తపేటలో ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఉస్మానియా కొత్త భవనాలకు 2025 జనవరి 31న గోషామహల్‌లో పునాదిరాయి పడింది. పడకల లెక్క, అంతస్తుల లెక్క అందరూ చెబుతారు. ప్రజాప్రతినిధులను మనవాళ్ళు అడగాల్సింది వేరే ఉంది. తూర్పు హైదరాబాద్‌లో కాలిన గాయాలకు ప్రత్యేక వార్డు ఉంటుందా? కట్లు మార్చే రోజు, ఫిజియోథెరపీ రోజు ఇక్కడే దొరుకుతాయా? పీఆర్పీకి కావాల్సింది ఒక సెంట్రిఫ్యూజ్, స్టెరైల్ గొట్టాలు, చేయడం తెలిసిన మనిషి. ప్రైవేటులో వేలల్లో బిల్లు వేసే ఆ పని ప్రభుత్వ ఆస్పత్రిలో, అవసరమైనవారికి, ఉచితంగా జరగడం గొంతెమ్మ కోరిక కాదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

రాజీవ్ ఆరోగ్యశ్రీలో కాలిన గాయాల చికిత్సకు ప్యాకేజీలున్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో కుటుంబానికి పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. నెట్‌వర్క్ ఆస్పత్రిలో చేరగానే ఆరోగ్యమిత్రను కలవాలి. ఎవరూ కనిపించకపోతే 104కు ఫోన్ చేయాలి. పీఆర్పీ ప్యాకేజీలో కలిసి ఉందా, వేరే బిల్లు వేస్తారా అని ఆపరేషన్‌కు ముందే అడగాలి. తర్వాత అడిగితే వాదన మిగులుతుంది.

జకాత్, సదఖా ఇచ్చే చేతులు మన బస్తీల్లో తక్కువేం కాదు. ఆపరేషన్ ఖర్చు అనగానే చందాలు వస్తాయి. కానీ ఆ తర్వాతి ఏడాదిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ప్రెషర్ గార్మెంట్, ఫిజియోథెరపీ, ఆటో చార్జీలు, గుడ్లు, పప్పు, మాంసం. గాయం మానడానికి మాంసకృత్తులు ఎంత అవసరమో ప్రతి సర్జనూ చెబుతాడు. ఒక్క పీఆర్పీ సిట్టింగు డబ్బుతో ఒక పిల్లకు నెలల తరబడి కట్లకు వెళ్ళొచ్చే ఖర్చు వెళ్ళిపోతుంది. ఏది ముందో అక్కడే తేలాలి.

డాక్టరు పీఆర్పీ పేరు ఎత్తితే భయపడక్కర్లేదు, ఎగబడక్కర్లేదు. అయిదు ప్రశ్నలు అడిగితే చాలు. మా మనిషికి ఇది ఎందుకు అవసరం? పెట్టకపోతే ఏమవుతుంది? ప్లేట్‌లెట్లు, ఇన్ఫెక్షన్ పరీక్షలు చూశారా? ఎక్కడ, ఎవరు తయారుచేస్తారు, గొట్టం మీద రోగి పేరు ఉంటుందా? బిల్లు ఎంత, ఆరోగ్యశ్రీలో వస్తుందా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోడు. సమాధానం చెప్పకుండా సంతకం చేయమంటే, ఇంకో ప్లాస్టిక్ సర్జన్‌ను అడగడంలో తప్పు లేదు.

షిఫా అల్లాహ్ చేతిలో ఉంది. నీళ్ళు పోయడం, సమయానికి తీసుకెళ్ళడం, కట్లు మానకుండా మార్పించడం మాత్రం మన చేతిలో ఉన్న పనులు. కొత్తపేట దారిలో పీఆర్పీ బోర్డులు ఇంకా పెరుగుతాయి. ఆ దారిలోనే ఒక బర్న్స్ వార్డు బోర్డు కూడా కనిపించాలని అడగడం మర్చిపోకూడదు.